అష్టాచెమ్మా ఆడించిన మా డ్రిల్లు మేడమ్

మా డ్రిల్లు మేడమ్ పోయారు. పోయిన శుక్రవారం పొద్దున నేను కాఫీకి పాలు పెట్టి నిలబడి ఉండగా, పక్క ఫ్లాటులో ఉండే బ్యాంకావిడ తలుపు కొట్టి, లోపలికి కూడా రాకుండా, మేడమ్ ఇక లేరని చెప్పింది. నిద్రలోనే పోయారట. ముందు రోజు సాయంత్రమే ఆటలో నన్ను చిత్తుగా ఓడించి, రేపు చూసుకుందాం వదినా అంటూ లిఫ్టెక్కిన మనిషి. నిజం చెప్పొద్దూ, నాకు ముందు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. రేపు చూసుకుందామని మాటిచ్చి ఎవరైనా అట్లా వెళ్లిపోతారా? ఈలోగా పాలు పొంగి స్టవ్ అంతా పొర్లాయి. వాటిని తుడుస్తూ ఉంటే అప్పుడు తన్నుకొచ్చింది ఏడుపు. లోపలి గదిలోంచి మావారు వచ్చి, నా చేతిలోని గుడ్డ తీసుకుని, ఎడంచేత్తో మిగతా పాలు తుడిచారు.

మేము ఉండేది నల్లపాడు దాటాక, మిరపకాయల కోల్డ్ స్టోరేజీల వెనక, వయసు మళ్లినవాళ్ల కోసమని కట్టిన అపార్టుమెంట్లలో. లిఫ్టు ఉంటుంది, బాత్‌రూముల్లో పట్టుకోవడానికి కడ్డీలుంటాయి, గంట నొక్కితే నర్సు వస్తుంది. మిర్చి లారీలు తిరిగే రోజుల్లో అన్ని బాల్కనీల్లోంచీ తుమ్ములు వినపడతాయి. మేం వచ్చిన కొత్తలో మనుషులున్నారని తెలిసేది ఆ తుమ్ముల వల్లే. మిగతా వేళల్లో తలుపులన్నీ మూసి ఉండేవి, లోపల టీవీలు మోగుతుండేవి. అన్ని ఇళ్లలోనూ అదే సీరియల్, అదే అత్తగారు, అదే కోడలు. ఆ అత్తగారిని నలుగురం కూర్చుని తిట్టుకుందామంటే మాత్రం ఒక్క తలుపూ తెరుచుకునేది కాదు.

ఆ తలుపులు తెరిపించింది డ్రిల్లు మేడమ్. ఆవిడ పిడుగురాళ్ల ముస్లింల ఇంటి ఆడపిల్ల. పల్నాడు పల్లెల్లోని గవర్నమెంటు హైస్కూళ్లలో పిల్లలకి ఖోఖో, కబడ్డీ నేర్పి రిటైరయ్యారు. భర్త పోయాక మా బ్లాకులో మూడో అంతస్తులో ఒక్కరే ఉండేవారు. చీర కుచ్చెళ్లు కాస్త పైకి దోపి, కొంగు నడుముకి చుట్టి, ఎటు వెళ్లినా బస్సు తప్పిపోతున్నట్టే నడిచేవారు. డ్రిల్లు టీచరు కదా, మీ విజిల్ ఏదండీ అని ఒకసారి అడిగాను. ఈ గొంతుండగా విజిల్ దండగని స్కూల్లోనే వదిలేసి వచ్చారట.

ఒకరోజు తన ఇంట్లో భోజనాల బల్లని కింద పార్కింగులోకి దింపించారు. ఒక్కదానికి ఇంత బల్లేంటి, నా ఎదురుగా ఖాళీ కుర్చీలు చూసుకుంటూ తినాలా అన్నారు. మోకాళ్లు వంగని వయసులో నేల మీద కూర్చుని ఆడేవాళ్లెవరని, ఆ బల్ల మీదే ఎర్రటి గోళ్ల రంగుతో అష్టాచెమ్మా గళ్లు గీశారు. అంత నున్నటి టేకు బల్ల. చూసిన నాకు ప్రాణం ఉసూరుమంది. తర్వాత ఒక్కో తలుపూ కొట్టారు. మాకు పనుందండీ అన్నవాళ్లని ఏం పనో చెప్పమని నిలదీశారు. పెద్దవాళ్లం, పిల్లల ఆటలు ఆడితే ఏం బాగుంటుందన్నవాళ్లకి ఆవిడ దగ్గర ఒకటే జవాబు: "ఆడితే పరువు పోదండీ, కూర్చుంటే నడుము పోద్ది."

అట్లా ఒక్కొక్కరే దిగారు. ఒక బల్ల కాస్తా నాలుగయింది. అష్టాచెమ్మా పక్కన క్యారమ్స్, దాని పక్కన వామనగుంటలు, మగవాళ్లకి పులీమేకా. సాయంత్రం అయిదయితే చాలు, పార్కింగు సంతలాగా ఉండేది. కార్లున్నవాళ్లు గొణుక్కుంటూ దూరంగా పెట్టుకునేవాళ్లు. కొన్నాళ్లకి ఆ గొణిగినవాళ్లూ వచ్చి కూర్చున్నారు.

మేడమ్ పెట్టిన నియమాలు వేరే ఎక్కడా ఉండవు. పందెం వేసినవాళ్లు ఎంత పడిందో గట్టిగా అరిచి చెప్పాలి, అరవకపోతే ఆ పందెం చెల్లదు. గెలిచినవాళ్లే టీ గ్లాసులు కడగాలి. అన్నిటికన్నా విచిత్రమైనది మూడోది. ఎవరైనా ఊరెళ్లినా, ఒంట్లో బాగా లేక పడుకున్నా, వాళ్ల కాయలు బల్ల మీదే ఉండాలి. వాళ్ల తరఫున ఇంకొకరు గవ్వలు వేసి, గెలిపించాలనే ఆడాలి. మనిషి రాలేదని చోటు తీసేస్తే ఇక ఆ మనిషి రాడు అనేవారు.

ఇక్కడ మావారి సంగతి చెప్పాలి. ఆయన గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేశారు. బేరం మొదలైతే ఆ గొంతు నాలుగు కొట్ల అవతలికి వినపడేది. ఫోను లేకపోయినా ఫరవాలేదు, నరసరావుపేట దాకా ఆయన మాట అందుతుందని తోటి వ్యాపారులు ఎగతాళి చేసేవాళ్లు. అట్లాంటి మనిషికి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది, కాలు ఈడుస్తుంది, నాలుక మందమైంది. మాట పూర్తిగా పోలేదు. వస్తుంది, కానీ ముక్కలు ముక్కలుగా, ముద్దగా వస్తుంది. ఆ గొంతు ఇంకొకరి చెవిన పడకూడదని పంతం పట్టారు. కాలింగ్ బెల్ మోగితే గదిలోకి వెళ్లి తలుపు వేసుకునేవారు. మాటలు నేర్పడానికి వచ్చిన డాక్టరమ్మాయి ముందు నోరు విప్పలేదు. నాతో కూడా సైగలే. కాపురం మొదలుపెట్టిన నాటి నుంచి నేను నోరు మూసుకోమని బతిమాలిన మనిషి, నిజంగానే మూసుకున్నాక నాకు ఇల్లు భరించలేనట్టయింది. ఈయన ఇట్లాగే ఆ గదిలోనే ముగిసిపోతాడేమోనన్నది ఒక్కటే నా భయం. చావంటే భయం కాదు. బతికుండగానే మనుషుల్లోంచి తప్పుకుంటున్నాడే అని.

మేడమ్ మా ఇంటికి వచ్చిన రోజు కూడా ఆయన గదిలోకి తప్పుకున్నారు. ఆవిడ అది చూసీ చూడనట్టు కూర్చుని, మంచినీళ్లు తాగి, అన్నయ్యగారికి ఏం కాయలు పెట్టమంటారని నన్ను అడిగారు. ఆయన రారండీ, మీకు తెలీదు అని నేను నసిగాను. రాకపోతే కాయలు పంపించండి అని, తనే వంటింట్లోకి నడిచి, నా పోపుల గూట్లోంచి నాలుగు చింతగింజలు ఏరుకుని వెళ్లిపోయారు.

ఆ రోజు నుంచి మావారి చింతగింజలు బల్ల మీద ఉన్నాయి. మాది మొదటి అంతస్తు. మా బాల్కనీ కిందే ఆ బల్ల. ఆయన బాల్కనీలో, బట్టల తీగ మీది దుప్పటి వెనకాల, ఎవరికీ కనపడకుండా కుర్చీ వేసుకునేవారు. గాలి కోసం కూర్చున్నాననేవారు సైగతో. సరేనండీ, గాలే అనుకున్నాను నేను.

అష్టాచెమ్మా మరిచిపోయినవాళ్లకి ఒక్క మాట. ఎవరి కాయలు వాళ్లు బయటి గళ్ల చుట్టూ తిప్పుకుంటూ రావాలి. అడ్డగీతల గడిలో ఉంటే భయం లేదు. మామూలు గడిలో ఉండగా ఎదుటివాళ్ల కాయ వచ్చి మీద పడితే మన కాయ చచ్చినట్టు, మళ్లీ మొదటి నుంచి రావాలి. మనం ఒక్క కాయనైనా చంపితేగాని లోపలి గళ్లలోకి అడుగు పెట్టడానికి వీల్లేదు. చంపకపోతే బయటే తిరుగుతూ ఉండాలి, ఎన్నాళ్లయినా సరే.

మావారి తరఫున గవ్వలు వేసేది బ్యాంకావిడ. వెన్నలాంటి మనసావిడది. ఒంట్లో బాగాలేని మనిషి, ఆయన చేత ఒకరిని చంపించడమెందుకని చంపే పందెం పడినా చంపేది కాదు, వేరే కాయ జరిపేది. ఎదురుగా కూర్చునే పొదిలి పెద్దాయన, పొగాకు పండించిన రైతు, ఆయనా అంతే. చింతగింజ దొరికితే చూసీ చూడనట్టు వదిలేసేవాడు. నాకు అది ఎంత బాగుండేదో. మావారిని అందరూ ఎంత సుకుమారంగా చూస్తున్నారో అనుకుని మురిసిపోయేదాన్ని. దాంతో మావారి గింజలు చావవు, చంపవు. గానుగెద్దులా బయటి గళ్ల చుట్టూ తిరుగుతూనే ఉండేవి.

మేడమ్ ఒక్కరే వేరు. ఆవిడవి వాళ్ల ఊరి సున్నపురాయి ముక్కలు, తెల్లగా. చింతగింజ అందితే చాలు, ఎత్తి అవతల పడేసేవారు. పైగా పైకి చూసి, అన్నయ్యగారూ, మీదొకటి చచ్చిందండీ అని కేక. రోజూ ఇదే. ఒకనాడు నేను ఇక ఆపుకోలేకపోయాను. అందరి ముందే కడిగేశాను. ఆయన పరిస్థితి మీకు తెలుసు కదా, ఆ నాలుగు గింజల్నీ వదిలేస్తే మీ సొమ్మేం పోతుంది, మీకు మనసనేది లేదా అని ఇంకా ఏవేవో అన్నాను. ఆవిడకి కోపం రాలేదు. చేతిలోని గవ్వలు కింద పెట్టి నా మొహంలోకి చూశారు.

"వదిలేస్తే ఆయన లేనట్టేగా వదినా. ఉన్న మనిషినేగా చంపేది."

నాకు ఆ మాట ఆ రోజు ఎక్కలేదు. మొండిమనిషి అని తిట్టుకుంటూ పైకి వచ్చాను. ఆయనకి చెప్పుకుంటే ఆయన నన్ను చూసి, నువ్వూరుకో అన్నట్టు ఎడంచెయ్యి ఊపి, మొహం తిప్పేసుకున్నారు.

తర్వాత కొద్ది రోజులకే జరిగింది అసలు సంగతి. నేను కిందే ఉన్నాను. పొదిలి పెద్దాయన కాయ మామూలు గడిలో ఉంది. మావారి గింజకి సరిగ్గా మూడు గళ్ల దూరం. బ్యాంకావిడ గవ్వలు వేసింది. మూడు పడింది. పడిందని అరిచింది కూడా. అరిచి, యథాప్రకారం, పోన్లెండి పాపం అంటూ వేరే గింజ మీద వేలు పెట్టింది.

"చం... పు."

పైనుంచి. దుప్పటి వెనక నుంచి. ముద్దగా, బొంగురుగా, గుండెలోంచి పెకిలించినట్టు. క్యారమ్స్ ఆడేవాళ్ల చేతులు ఆగిపోయాయి. అందరూ తలెత్తి మా బాల్కనీ వైపు చూస్తున్నారు. ఎంత దాచుకున్న గొంతది. ఇక ఈ జన్మకి ఆ బాల్కనీలోకి కూడా రాడనుకున్నాను నేను.

మేడమ్ మాత్రం తల కూడా ఎత్తలేదు. బల్ల మీదే చూపు పెట్టి, ఏమీ జరగనట్టు, బ్యాంకావిడతో అన్నారు: "విన్నారుగా. చంపండి."

బ్యాంకావిడ పెద్దాయన కాయని తీసి పక్కన పెట్టింది. తర్వాతి పందెం మేడమ్‌ది. గవ్వలు గలగలమన్నాయి. చెమ్మ పడింది. ఆవిడ తెల్లరాయి టకటకా నాలుగు గళ్లు నడిచి, ఇప్పుడే పెద్దాయన కాయని చంపిన ఆ చింతగింజ మీదే కూర్చుంది. అప్పుడు తలెత్తారు. అన్నయ్యగారూ, మీది మళ్లీ చచ్చింది, పైనుంచి అరిస్తే లాభం లేదు, కిందికొచ్చి ఆడండి అన్నారు.

లిఫ్టు కిందికి వస్తున్న చప్పుడు విన్నాం. తలుపు తెరుచుకుంది. మావారు. లుంగీ, బనీను. పెళ్లయిన దగ్గర్నుంచీ చొక్కా లేకుండా వీధి గుమ్మంలో నిలబడగా నేను చూడని మనిషి. కాలు ఈడ్చుకుంటూ వచ్చి, బ్యాంకావిడ కుర్చీ పక్కన నిలబడ్డారు. ఆవిడ పాపం గబుక్కున లేచింది. ఆయన కూర్చున్నారు. ఎవ్వరూ ఆయన్ని ఎలా ఉన్నారని అడగలేదు. అడగనివ్వలేదు మేడమ్. మీ పందెమండీ, తొందరగా, అవతల టీ చల్లారిపోతోంది అన్నారు.

అప్పటి నుంచి రోజూ దిగేవారు. ఎడంచేత్తో గవ్వలు వేస్తే సగం బల్ల దాటి కింద పడేవి. కింద పడినవి లెక్కలోకి రావని మేడమ్. ఆయనకి కాస్త సడలించమంటే మొదటి రోజు నుంచీ ఒప్పుకోలేదు. ఆయన పౌరుషం పోలేదుగా, ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద చింతగింజలతో సాధన. ఇక అరవడం. రెండు, మూడు, చెమ్మ, అష్ట. అరవకపోతే చెల్లదు కదా. అష్ట అనే మాట ఆయన నోట పలకడానికి ఎంత కష్టమో. నోరు వంకరపోయేది, ఉమ్ము కారేది. అందరూ ఆగేవాళ్లు. ఎవరైనా జాలిపడి అందించబోతే మేడమ్ కళ్లెర్రజేసేవారు. అది పూర్తయ్యేదాకా ఆట కదిలేది కాదు. డాక్టరమ్మాయి ముందు విప్పని నోరు ఆ బల్ల దగ్గర విప్పారు. మొదటిసారి గెలిచిన రోజున గ్లాసులు కడగడానికి నేను లేస్తే, కూర్చోండి వదినా, గెలిచింది మీరా ఆయనా అన్నారు మేడమ్. ఒంటిచేత్తో కడిగారు. ఒకటి పగిలింది. ఆయన నవ్వారు. ఎన్నాళ్లకి విన్నానో ఆ నవ్వు.

నేను మేడమ్‌ని క్షమించమని అడగలేదు, ఆవిడా ఎదురు చూడలేదు. ఒక సాయంత్రం మాత్రం, అందరూ వెళ్లాక కుర్చీలు సర్దుతూ, తన సంగతి చెప్పారు. భర్త పోయిన కొత్తల్లో చుట్టాలు, స్నేహితులు అందరూ తనతో మెత్తమెత్తగా మాట్లాడేవాళ్లట. కూరలో ఉప్పెక్కువైనా బాగుందనేవాళ్లట. "ఏడాది పాటు నాతో ఒక్కళ్లూ పోట్లాడలేదు వదినా. ఆ మెత్తదనానికే నేను సగం చచ్చా." మీరు ఆ రోజు అందరి ముందూ నన్ను తిట్టారు చూడండి, ఎంత హాయిగా ఉందో అని నవ్వారు. ఇట్లాంటి మనిషితో ఏం వేగుతాం చెప్పండి?

రంజాన్ నెలలో ఆవిడ రోజా ఉండి కూడా ఆటకి వచ్చేవారు. గొంతు మాత్రం కాస్త తగ్గేది. ఆవిడ మంచినీళ్లయినా ముట్టకుండా కూర్చుంటే మేం టీ ఎట్లా తాగుతాం? ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు. మొదటి రోజు టీ ఫ్లాస్కు ఎవరూ తెరవలేదు, అంతే. నా కోసం మీరెందుకు ఎండిపోవడమని ఆవిడ కేకలేశారు. పొదిలి పెద్దాయన తనకి ఈమధ్య పొద్దుగూకాకే టీ రుచిస్తోందని అబద్ధమాడాడు. పొద్దు వాలి, ఆవిడ ఖర్జూరం నోట్లో వేసుకున్నాక, మా అందరి చేతుల్లోనూ ఒక్కోటి పెట్టాకే ఫ్లాస్కు మూత తిరిగేది. ఆ నెలంతా అట్లాగే గడిచేది, ప్రతి ఏడూ.

మేడమ్‌ని శుక్రవారం మధ్యాహ్నానికి వాళ్ల తమ్ముడు వచ్చి పిడుగురాళ్ల తీసుకెళ్లారు. వ్యాను మాట్లాడుకుని ఆటల వాళ్లం అందరం వెనకే బయల్దేరాం. మీకు అంత దూరం కష్టమండీ, ఉండిపోండి అని నేను మావారితో అన్నాను. ఆయన అప్పటికే చొక్కా తొడుక్కుని, ఎడంచేత్తో బొత్తాలు పెట్టుకుంటున్నారు. మా అపార్టుమెంట్ల గేటు దాటి, ముక్కూమొహం తెలియనివాళ్ల మధ్యకి ఆయన జబ్బు చేశాక వెళ్లలేదు. కింద బల్ల దగ్గర అందరికీ ఆ గొంతు అలవాటే. బయటివాళ్ల మాట వేరు కదా. దారంతా నాకు అదే బెంగ.

పిడుగురాళ్లలో వాళ్ల వీధికి చేరేసరికి ఇంటి ముందు షామియానా, వీధి నిండా జనం. చెట్ల మీద, గోడల మీద సున్నపు దుమ్ము. శుక్రవారం నమాజు చేసుకుని వచ్చిన మగవాళ్లు, అందరి తలల మీదా టోపీలు, రుమాళ్లు. మేం వ్యాను దిగి ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాం. మమ్మల్ని ఎరిగినవాళ్లెవరూ లేరు. మేడమ్ తమ్ముడు, తీసుకెళ్లడానికి వచ్చిన కంగారులో మమ్మల్ని సరిగా చూడనే లేదు ఆయన, దగ్గరికి వచ్చి చేతులు జోడించి, మీరంతా అక్కకి ఏమవుతారండీ అని మర్యాదగానే అడిగారు.

చుట్టూ ఉన్నవాళ్లు మా వైపు తిరిగారు. బ్యాంకావిడ నా వైపు చూసింది, పొదిలి పెద్దాయన నా వైపు చూశాడు. వాగుడుకాయని నేనే కదా. నోరు తెరిచాను. ఏమవుతామని చెప్పను? చుట్టాలం కాదు. ఇరుగుపొరుగు అందామంటే అదేదో చాలనట్టుంది. అందరూ ఎదురుచూస్తున్నారు.

"మేం... ఆవిడ... జట్టు."

మావారు. అంతమంది కొత్తవాళ్ల మధ్యలో. జట్టు అన్న మాట దగ్గర నాలుక మొరాయించింది, మొదటిసారి రాలేదు. ఆగి, మళ్లీ మొదలుపెట్టి, పూర్తిగా పలికారు. ఎవరూ అందించలేదు, నేనూ అందించలేదు.

ఆ తమ్ముడు ఆయన మొహంలోకే చూశారు. తర్వాత జేబులోంచి తెల్లటి చేతిరుమాలు తీసి, మావారి తల మీద కప్పి, వెనక ముడి వేశారు. ఒంటిచేత్తో కట్టుకోలేరని ఎట్లా కనిపెట్టారో. ఆడవాళ్లం లోపలికి వెళ్లి మేడమ్ మొహం చూశాం. తెల్లబట్టలో ఎంత చిన్నగా ఉన్నారో. ఆవిడ పాదాల దగ్గర కూర్చుని, నా మనసులో ఉన్నదంతా అప్పుడు చెప్పుకున్నాను. అది మా ఇద్దరి మధ్య ఉండనివ్వండి.

పొద్దు వాలే వేళకి మగవాళ్ల భుజాల మీదికి జనాజా లేచింది. ఆడవాళ్లు శ్మశానానికి వెళ్లరు, మేం గేటు దగ్గరే ఆగిపోయాం. తమ్ముడు మావారిని దగ్గరికి పిలిచి ఎడంభుజం వైపు చోటిచ్చారు. ఆయన ఎడంచెయ్యి కింద ఆనించి నాలుగడుగులు వేశారు, కాలు ఈడుస్తూ. వెనకవాళ్లు ఆయన నడకకి తగ్గట్టే నెమ్మదించారు. ఇంకొకరు వచ్చి భుజం మార్చుకున్నారు. ఆయన పక్కకి తప్పుకుని తిరిగి నా దగ్గరికి వచ్చేస్తారనుకుని చెయ్యి చాపి నిలబడ్డాను. రాలేదు. ఎవరో పెద్దమనిషి ఏదో అడిగితే తల తిప్పి జవాబు చెబుతూ, వాళ్లతోపాటే ముందుకి నడిచారు. సందు మలుపు దాకా ఆ కుంటినడకని బట్టి పోల్చుకుంటూనే ఉన్నాను. ఆ తర్వాత అన్నీ తెల్లటి టోపీలు, రుమాళ్లు ఉన్న తలలే. అందులో మావారి తల ఏదో నాకు తెలియలేదు.